ఏమీ జరగని రాత్రి వెనకాల

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచం మొత్తం మీద సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్న రోజు. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ఒక ప్రయాణికుడి బోర్డింగ్ పాస్ ఫొటో నెట్‌లో తెగ తిరిగింది. వివరాలన్నీ పెన్నుతో రాసిన పాస్ అది. అందరం నవ్వుకున్నాం, మీమ్స్ పంపుకున్నాం. నాకు మాత్రం ఆ ఫొటో చూసిన కొన్నాళ్ళకి ఒక డౌట్ వచ్చింది. చేత్తో నింపడానికి వీలుగా అచ్చేసిన ఆ ఖాళీ పాస్‌ల కట్ట అక్కడికి ఎలా వచ్చింది? సిస్టమ్ పడిపోయాక ప్రెస్సుకి వెళ్ళి కొట్టించుకుని రాలేరు కదా. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, "ఒకవేళ కంప్యూటర్లు పోతే?" అని ఆలోచించి పెట్టించే ఉండాలి. ఆ ఎవరో ఒకరికి ఆ సాయంత్రం ఎవరైనా థ్యాంక్స్ చెప్పారా?

ఈ వ్యాసం అలాంటి వాళ్ళ గురించి. అందులోనూ గవర్నమెంటు ఆఫీసుల్లో ఉండేవాళ్ళ గురించి. మనం మామూలుగా గవర్నమెంటు కంప్యూటర్ అనగానే "సర్వర్ డౌన్ అండీ, రేపు రండి" అన్న మాటే గుర్తు తెచ్చుకుంటాం. సర్టిఫికెట్ కోసం క్యూలో నిలబడిన ప్రతివాడికీ ఆ మాట తెలుసు. కానీ సర్వర్ డౌన్ అవ్వని రోజుల వెనక కూడా మనుషులుంటారు. వాళ్ళు ఏం చేస్తారు, వాళ్ళని గుర్తించడం ఎందుకంత కష్టం అన్నది అర్థం కావాలంటే అన్నిటికంటే పెద్ద ఉదాహరణ వై2కె. మనలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. పుట్టిన వాళ్ళకి కూడా అది ఒక జోక్‌గానే తెలుసు.

సమస్య సింపుల్. కంప్యూటర్లు కొత్తగా వచ్చినప్పుడు మెమరీ చాలా ఖరీదు. పంచ్ కార్డులో 80 గడులే ఉండేవి. అందులో పేరు, నంబరు, జీతం, పుట్టిన తేదీ అన్నీ పట్టాలి. అందుకని సంవత్సరం రాయాల్సిన చోట 1965 అని నాలుగు అంకెలు కాకుండా 65 అని రెండే రాశారు. 19 అన్నది అందరికీ తెలిసిందే కదా అని. కోబాల్‌లో అయితే "పిక్ 99" అని డిక్లేర్ చేస్తే అయిపోతుంది. అప్పట్లో అది తెలివైన పనే. వాళ్ళని తిట్టడానికి ఏం లేదు. ఆ కోడ్ ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా నడుస్తుందని రాసిన వాళ్ళు ఊహించి ఉండరు. 1970లలోనే బాబ్ బెమర్ లాంటి కొద్దిమంది హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు 99 తర్వాత 00 వస్తే ఏమవుతుంది? 1935లో పుట్టిన ఒక పెద్దాయన 2000లో రిటైర్ అవుతున్నాడనుకోండి. 00 లోంచి 35 తీసేస్తే మైనస్ 35. ప్రోగ్రాం దృష్టిలో ఆయన ఇంకా పుట్టలేదు. పుట్టని వాడికి పెన్షన్ ఎందుకు? లేదా మైనస్ గుర్తుని వదిలేసే ఫీల్డ్ అయితే ఆయన వయసు 35. ఇంకా ఉద్యోగం చేసుకోవచ్చు. రెండు రకాలుగానూ డబ్బు ఆగిపోతుంది. ఎర్రర్ రాకుండా తప్పు ఆన్సర్ రావడం అన్నిటికంటే డేంజర్ అని మన ల్యాబ్ మేడమ్ ఎప్పుడూ అంటుంటారు కదా, అదే ఇది.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అనే శాఖ ఉంది. ముసలివాళ్ళకి, వైకల్యం ఉన్నవాళ్ళకి, ఇంటి పెద్దని పోగొట్టుకున్న కుటుంబాలకి నెలనెలా డబ్బు పంపేది అదే. అప్పట్లో 4 కోట్ల మందికి పైగా పంపేది. మన ఊళ్ళల్లో ఒకటో తారీఖు పొద్దున పెన్షన్ కోసం అరుగు మీద కూర్చునే ముసలమ్మలు తెలుసు కదా? ఒక్క పూట లేటైతేనే వాళ్ళ మొహాలు ఎలా మారిపోతాయో చూసి ఉంటారు. అది 4 కోట్లతో గుణించుకోండి.

ఆ శాఖకి ఈ సమస్య తగిలింది 1999లో కాదు. 1989లో! ఎక్కువ చెల్లించిన డబ్బుని వాయిదాల్లో తిరిగి రాబట్టుకునే ఒక ప్రోగ్రాం ఉండేది. ఒకరి వాయిదాలు 1999 దాటి వెళ్ళేసరికి అది తికమకపడింది. చిన్న బగ్. పదేళ్ళ తర్వాత వచ్చే గొడవ. ఎవరైనా ఆ ఒక్క ప్రోగ్రాం సరిచేసి టికెట్ క్లోజ్ చేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. (నిజం చెప్పండి, మనమైతే అదే చేస్తాం.) కానీ అక్కడి ఉద్యోగులు "ఇది ఒక్క ప్రోగ్రాంతో పోయేది కాదు, అన్నిట్లోనూ ఉంటుంది" అని పట్టుకున్నారు. వాళ్ళ దగ్గర 3 కోట్ల లైన్లకి పైగా కోడ్ ఉంది. ఎక్కువ భాగం కోబాల్. ప్రతి లైనూ చూడాలి. క్యాథ్లీన్ ఆడమ్స్ అనే ఆవిడ ఆ శాఖలో ఈ పనికి నాయకత్వం వహించారు. ఎవరి పేర్లూ తెలీని ఈ కథలో తెలిసిన కొన్ని పేర్లలో ఆవిడది ఒకటి. తర్వాత మొత్తం కేంద్ర ప్రభుత్వ శాఖల సీఐఓల వై2కె కమిటీకి కూడా ఆవిడే చైర్.

"ప్రతి లైనూ చూడాలి" అన్నది చదవడానికి ఈజీగా ఉంది. చేయడానికి ఎలా ఉంటుందో నాకు మా పెద్ద మామయ్య చెప్తే తెలిసింది. ఆయన 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్ళిన బ్యాచ్. అప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ ఏదైనా సరే, కోబాల్, జేసీఎల్ వస్తే చాలు ఫ్లైట్ ఎక్కొచ్చు అన్నట్టుండేదట. ఆ ఏడాదే సైబర్ టవర్స్ ఓపెన్ అయింది. మన తెలుగువాళ్ళ సాఫ్ట్‌వేర్ కథ నిజంగా ఊపందుకున్నది ఈ రెండు అంకెల తప్పు పుణ్యమా అనే. మామయ్యది ఏదో ఒక రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో పని. కాంట్రాక్టర్ కింద కాంట్రాక్టర్ కింద ఈయన.

"ఒరేయ్, డేట్ ఉన్న వేరియబుల్ పేరు డేట్ అనే ఉంటుందనుకుంటున్నావా? మాకు ఒకదాని పేరు రోవర్ అని దొరికింది. ఆ కోడ్ రాసినాయన కుక్క పేరు అయ్యుంటుంది. ఆయన అప్పటికే రిటైరై వెళ్ళిపోయాడు. కుక్క కూడా పోయుంటుంది. రోవర్‌లో మాత్రం సంవత్సరం ఉంది" అన్నాడు.

సెర్చ్ కొడితే దొరకదు. లాజిక్ చదవాలి. ఒక్కోసారి సోర్స్ కోడే ఉండదు, కంపైల్ అయినది మాత్రమే నడుస్తూ ఉంటుంది. ఒక ఫైల్లో సంవత్సరం ఫీల్డ్ రెండు నుంచి నాలుగు చేస్తే ఆ ఫైల్ చదివే ప్రతి ప్రోగ్రామూ మార్చాలి. అందుకే చాలామంది "విండోయింగ్" అనే షార్ట్‌కట్ వాడారు. 50 నుంచి 99 దాకా ఉంటే 19 తగిలించు, 00 నుంచి 49 దాకా ఉంటే 20 తగిలించు. ఫైళ్ళు ముట్టుకోనక్కర్లేదు. తప్పు పోలేదు, కొన్నేళ్ళు వెనక్కి జరిగింది, అంతే. మా మామయ్య దీన్ని "అప్పు తీర్చడానికి చేసిన అప్పు" అంటాడు.

సరే, ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. 1996 జూలైలో సెనేటర్ డేనియల్ ప్యాట్రిక్ మొయినిహాన్ ప్రెసిడెంట్ క్లింటన్‌కి ఈ విషయం మీద ఉత్తరం రాశారు. 1997 ఫిబ్రవరిలో ప్రభుత్వ ఆడిట్ సంస్థ గావో దీన్ని హై-రిస్క్ లిస్టులో పెట్టింది. 1998 ఫిబ్రవరిలో క్లింటన్ ఒక ప్రత్యేక కౌన్సిల్ వేసి, జాన్ కోస్కినెన్ అనే ఆయన్ని దాని మీద కూర్చోబెట్టారు. ఇవన్నీ పైస్థాయి సంగతులు, గూగుల్ చేస్తే దొరుకుతాయి.

నాకు వీటన్నిటికంటే నచ్చినది స్టీఫెన్ హార్న్ అనే కాంగ్రెస్ సభ్యుడు చేసిన పని. ఆయన రాజకీయాల్లోకి రాకముందు కాలిఫోర్నియాలో ఒక యూనివర్సిటీకి ప్రెసిడెంట్. అందుకేనేమో, 1996 నుంచి ప్రతి ప్రభుత్వ శాఖకీ గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఏ, బీ, సీ, డీ, ఎఫ్. అచ్చం మన సెమిస్టర్ రిజల్ట్స్ లాగే! పబ్లిక్‌గా. సోషల్ సెక్యూరిటీకి ఏ వచ్చేది. పెద్ద పెద్ద శాఖలకి డీలు, ఎఫ్‌లు వచ్చేవి. పేపర్లో "ఫలానా శాఖ ఫెయిల్" అని పడగానే ఆ శాఖ సెక్రటరీ పరుగెత్తుకుంటూ కిందికి వచ్చి "ఏంటి, ఏం కావాలి మీకు?" అని అడిగే పరిస్థితి. అంతవరకూ బేస్‌మెంట్‌లో కూర్చుని పనిచేస్తున్న టీమ్‌కి ఒక్కసారిగా బడ్జెట్, మనుషులు. ఇది తిట్టడానికి పెట్టిన సిస్టమ్ లాగా కనిపిస్తుంది కానీ, నా ఉద్దేశంలో గుర్తింపు అంటే ఇది కూడా. చివర్లో దండ వేయడం కంటే మధ్యలో "వీళ్ళు ఇంతవరకూ చేశారు" అని లెక్క చూపించడం పనిచేసేవాడికి ఎక్కువ ఉపయోగం.

ఏ వచ్చిన వాళ్ళకి కూడా సుఖం లేదు. 1997 అక్టోబర్లో గావో వాళ్ళు సోషల్ సెక్యూరిటీని పరీక్షించి ఒక మాట చెప్పారు. మీ సొంత సిస్టమ్స్ బాగానే ఉన్నాయి, కానీ వైకల్యం ఉందా లేదా అని తేల్చే ఆఫీసులు రాష్ట్రాల చేతుల్లో ఉన్నాయి కదా, మొత్తం 54, వాటి సిస్టమ్స్ మీరు లెక్కలోనే వేసుకోలేదు అని! ఎనిమిదేళ్ళ ముందు మొదలుపెట్టిన శాఖకే ఇంత పెద్ద గ్యాప్. వాళ్ళు అడ్డం తిరగకుండా ఆ పని కూడా నెత్తిన వేసుకున్నారు. ఇంకో చిక్కు, డబ్బు లెక్కలు వేసేది సోషల్ సెక్యూరిటీ అయినా, నిజంగా చెక్కులు కొట్టి బ్యాంకులకి పంపేది ట్రెజరీ శాఖ. మీ కోడ్ పర్ఫెక్ట్‌గా ఉండి పక్కవాడి కోడ్ చెడిపోతే ముసలమ్మకి డబ్బు రాదు. ఆమెకి తప్పు ఎవరిదన్నది అనవసరం. అందుకని రెండు శాఖల పనీ కలిపి పూర్తిచేసి, 1998 డిసెంబర్ చివర్లో సోషల్ సెక్యూరిటీ రెడీ అని క్లింటన్ స్వయంగా ప్రకటించారు. గడువుకి ఏడాది ముందు. (మనం రికార్డు సబ్మిషన్‌కి ముందు రోజు రాత్రి మొదలుపెడతాం, సరే వదిలేయండి.)

మిగతా శాఖలకి 1999 మార్చి 31 డెడ్‌లైన్. అప్పటికి 6 వేలకి పైగా ఉన్న కీలకమైన సిస్టమ్స్‌లో 92 శాతం సిద్ధమయ్యాయి. కోడ్ మార్చడం ఒక ఎత్తు, మార్చింది పనిచేస్తుందో లేదో చూడటం ఇంకో ఎత్తు. అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది టెస్టింగే. విమానాలు నడిపించే ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 1999 ఏప్రిల్లో డెన్వర్‌లో ఒక టెస్ట్ చేసింది. రాత్రి పూట, ట్రాఫిక్ తక్కువున్నప్పుడు, కంట్రోల్ సిస్టమ్‌ని రెండు భాగాలు చేశారు. ఒక భాగం మామూలు తేదీతో నిజం విమానాల్ని నడిపిస్తుంటే, రెండో భాగంలో గడియారాన్ని 1999 డిసెంబర్ 31 అర్ధరాత్రి దాకా తిప్పారు. అవే నిజం విమానాలు, అదే రాడార్ డేటా. రెండు తెరలూ ఒకేలా ఉన్నాయా అని చూశారు. ఉన్నాయి. నాకు ఈ టెస్ట్ గురించి చదివినప్పుడు నిజంగా ఒళ్ళు జలదరించింది. మన ప్రాజెక్టుల్లో ప్రొడక్షన్ మీద టెస్ట్ చేస్తే తిడతారు. వీళ్ళు గాల్లో మనుషులుండగా చేశారు, అదీ ఎవరికీ ఏమీ కాకుండా, రెండో భాగాన్ని పూర్తిగా విడదీసి.

ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అన్నీ సరిచేశాక కూడా, "ఒకవేళ పనిచేయకపోతే?" అన్న ప్రశ్నకి కాగితం మీద జవాబు రాయాలి. గావో 1998లో దీనికి ప్రత్యేకంగా ఒక గైడ్ రాసింది. ఫోన్లు లేకపోతే ఎవరు ఎవరికి ఎలా కబురు పంపాలి? కరెంటు లేకపోతే జెనరేటర్‌కి ఎన్ని గంటల డీజిల్? కంప్యూటర్ లేకపోతే ఈ ఫారం చేత్తో ఎలా నింపాలి, ఎవరి సంతకం చాలు? మొదట్లో చెప్పిన బోర్డింగ్ పాస్‌ల కట్ట ఈ కోవకే చెందుతుంది. 2000 జనవరి 1 శనివారం పడింది. సోమవారం ఆఫీసులు తెరిచేలోపు రెండు రోజులు చేతిలో ఉన్నాయి. ఆ రెండు రోజుల్లో ఏ గంటకి ఏ సిస్టమ్ ఎవరు చూడాలి అన్నది ముందే రాసి పెట్టుకున్నారు. ప్రపంచం మొత్తం న్యూ ఇయర్ పార్టీల్లో ఉన్న రాత్రి ఈ ఉద్యోగులు ఆఫీసుల్లో ఉన్నారు. ఏవియేషన్ సంస్థ అధినేత జేన్ గార్వీ అయితే ఆ రాత్రి వాషింగ్టన్ నుంచి డాలస్ వెళ్ళే మామూలు ప్రయాణికుల విమానం ఎక్కి కూర్చున్నారు. తన ఉద్యోగుల పని మీద నమ్మకం చూపించడానికి అంతకంటే పెద్ద అవార్డు ఏం ఇవ్వగలరు చెప్పండి?

అర్ధరాత్రి అయింది. ఏమీ జరగలేదు.

అంటే, కొద్దికొద్దిగా జరిగాయి. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ, అంటే దేశానికి టైమ్ చెప్పే సంస్థ, దాని వెబ్‌సైట్‌లో సంవత్సరం 19100 అని పడింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక వీడియో షాపులో క్యాసెట్ తిరిగివ్వడం వందేళ్ళు లేటైందని ఒకాయనకి 91,250 డాలర్ల ఫైన్ చూపించింది. ఇవి నవ్వుకోడానికి. గూఢచారి ఉపగ్రహాల డేటాని ప్రాసెస్ చేసే ఒక రక్షణ శాఖ సిస్టమ్ ఆ రాత్రి కొన్ని గంటలు పనిచేయలేదు. ఇది నవ్వుకోడానికి కాదు.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగింది అసలు నవ్వుకోడానికి కాదు. గర్భిణులకి రక్తపరీక్ష చేసి, తల్లి వయసుతో కలిపి లెక్కవేసి, బిడ్డకి డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం ఎంతుందో చెప్పే ప్రోగ్రాం అక్కడ ఒకటి ఉండేది. 2000 జనవరి నుంచి అది తల్లుల వయసు తప్పు లెక్కవేసింది. క్రాష్ అవ్వలేదు. ఎర్రర్ మెసేజ్ రాలేదు. 150 మందికి పైగా స్త్రీలకి, రిస్క్ ఎక్కువ ఉన్నా "తక్కువే, భయం లేదు" అని రిపోర్టులు ఇస్తూ పోయింది. మే నెలలో గానీ బయటపడలేదు. ఎవరూ సరిగ్గా చూడని ఒక్క ప్రోగ్రాం. వై2కె అంతా ఉత్తదే అనే వాళ్ళకి నేను చెప్పేది ఈ ఒక్క ఉదాహరణే.

ఎందుకంటే జనవరి 2 నుంచే ఆ మాట మొదలైంది. "ఏమీ జరగలేదుగా, ఇంత డబ్బు ఎందుకు తగలేశారు?" అమెరికా మొత్తం మీద సుమారు 10 వేల కోట్ల డాలర్లు ఖర్చయిందని అంచనా. అందులో కేంద్ర ప్రభుత్వానిది దాదాపు 850 కోట్ల డాలర్లు. నిజం చెప్పాలంటే, ఆ విమర్శలో కొంత న్యాయం ఉంది. లిఫ్టులు ఆగిపోతాయి, ప్రతి చిప్పూ పేలిపోతుంది అన్న భయాలు అతి. వాటిని అమ్ముకుని బాగుపడ్డ కన్సల్టెంట్లు చాలామంది. తక్కువ ఖర్చు పెట్టిన ఇటలీ లాంటి దేశాలకి కూడా పెద్దగా ఏం కాలేదు. అయితే ఆ దేశాలు వాడే ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు, ప్యాకేజీలు చాలావరకు వేరేచోట ఎవరో డబ్బు పెట్టి సరిచేసినవే. పక్కింటివాడు బోరు వేయిస్తే మన బావిలో నీళ్ళు ఊరినట్టు. సొంతంగా కోట్ల లైన్ల పాత కోబాల్ పెట్టుకున్న శాఖకి ఆ సౌకర్యం లేదు. సోషల్ సెక్యూరిటీ వాళ్ళు 1989లో ఆ బగ్‌ని వదిలేసి ఉంటే 2000 జనవరిలో ఏం జరిగేదో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, తీసివేత వస్తే చాలు.

మా మామయ్య 2001లో వెనక్కి వచ్చేశాడు. డాట్‌కామ్ పడిపోయింది, వీసా అయిపోయింది. అప్పటినుంచీ పెళ్ళిళ్ళలో, ఫంక్షన్లలో ఎవరో ఒకరు "ఏరా, మీ వై2కె ఏమైందిరా, తుస్సుమందిగా?" అని అడుగుతూనే ఉంటారు. ఆయన నవ్వేసి ఊరుకుంటాడు. నాకు తెలిసి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఏం చెప్తాడు? డాక్టర్ అయితే "ఇదిగో, ఈ మనిషిని బతికించాను" అని చూపిస్తాడు. బ్రిడ్జి కట్టినవాడు బ్రిడ్జిని చూపిస్తాడు. ఈయన చూపించాల్సింది 2000 జనవరి 3న ఆ రాష్ట్రంలో ఎవరికో జీతం మామూలుగా పడటం. దాని ఫొటో ఎవరు తీస్తారు?

దీనికి పూర్తి రివర్స్ కేసు ఒకటుంది. 2013 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం హెల్త్‌కేర్ డాట్ గవ్ అని ఇన్సూరెన్స్ వెబ్‌సైట్ మొదలుపెట్టింది. మొదటి రోజు కుప్పకూలింది. ఆ రోజంతా కలిపి ఎన్‌రోల్ చేసుకోగలిగినవాళ్ళు ఆరుగురు. ఆరు లక్షలు కాదు, ఆరుగురు! తర్వాత సిలికాన్ వ్యాలీ నుంచి కొంతమంది ఇంజనీర్లని పిలిపించి నెలల్లో నిలబెట్టారు. వాళ్ళ మీద టైమ్ మ్యాగజైన్ 2014 మార్చిలో కవర్ స్టోరీ వేసింది. వాళ్ళు దానికి అర్హులే, నేను కాదనను. కానీ లెక్క చూడండి. కాలిపోయిన ఇల్లు ఆర్పినవాడు హీరో. పదేళ్ళు తిరిగి వైరింగ్ సరిచేసి ఇల్లు కాలకుండా చూసినవాడు ఖర్చు దండగ మనిషి. ఇలా ఉంటే తెలివైనవాడు ఏం నేర్చుకుంటాడు? ముందు కాలనివ్వండి, తర్వాత ఆర్పుదాం అని.

ఇది ఊరికే ఫిలాసఫీ కాదు, బడ్జెట్ విషయం. మెచ్చుకోలు లేని పనికి ముందు మనుషులు తగ్గుతారు, తర్వాత డబ్బు తగ్గుతుంది. 2020 ఏప్రిల్లో కోవిడ్ వల్ల లక్షలమంది ఉద్యోగాలు పోయి నిరుద్యోగ భృతికి అప్లై చేస్తుంటే, న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ ప్రెస్ మీట్‌లో కూర్చుని కోబాల్ తెలిసిన వాలంటీర్లు కావాలని అడిగారు. వై2కె అయిపోయిన ఇరవై ఏళ్ళకి! ఒకప్పుడు అదే కోబాల్ కోసం అమీర్‌పేట నుంచి విమానాలెక్కించి తీసుకెళ్ళారు. పని అయిపోగానే ఆ చదువుకి విలువ లేదని పంపించేశారు.

మరి ఎలా గుర్తించాలి? ఊరికే ఒక శాలువా, ఒక మెమెంటో, ఒక గ్రూప్ ఫొటో అయితే అవసరం లేదు, మన ఫెస్టుల్లో చూస్తూనే ఉన్నాం. నాకు తోచింది ఏంటంటే, ఏమీ జరగకపోవడాన్ని కొలవలేం కానీ, జరగకుండా ఆపిన వాటిని కొలవొచ్చు. డెన్వర్ లాంటి టెస్ట్‌లో ఎన్ని తప్పులు దొరికాయి? బ్యాకప్ ఉందని చెప్పడం కాదు, ఆ బ్యాకప్‌ని నిజంగా రీస్టోర్ చేసి చూసిన తేదీ ఏది? ఆడిటర్ చెప్పిన 54 ఆఫీసుల్లాంటి గ్యాప్ ఎన్ని రోజుల్లో పూడ్చారు? హార్న్ గ్రేడ్లు ఇవ్వగలిగాడంటే కొలవడం సాధ్యమే. ఇంకోటి, అమెరికా సెనేట్‌లో వై2కె మీద వేసిన కమిటీ 2000 ఫిబ్రవరిలో ఫైనల్ రిపోర్టు ఇచ్చింది. ఏం జరిగింది, ఏం జరగలేదు, ఎందుకు అని ఒకచోట రాసిపెట్టింది. ప్రమాదం జరిగితే మనం కూడా విచారణ కమిటీ వేస్తాం. జరగకుండా ఆగినప్పుడు కూడా అలా ఒక రిపోర్టు రాస్తే, అందులో పనిచేసినవాళ్ళ పేర్లు ఉంటే, అది శాలువా కంటే ఎక్కువ కాలం నిలబడుతుంది. మా మామయ్య ఫంక్షన్‌లో జేబులోంచి తీసి చూపించుకోడానికి ఒక కాగితం ఉండేది.

కోస్కినెన్ గురించి ఒక మాట. కౌన్సిల్ పని అయ్యాక ఆయన వాషింగ్టన్ నగరానికి డిప్యూటీ మేయర్ అయ్యారు, 2013లో ఆదాయపు పన్ను శాఖ కమిషనర్ అయ్యారు. పైవాళ్ళకి అంతో ఇంతో దక్కుతుంది. కింద రోవర్‌ని వెతికినవాళ్ళ సంగతే నేను అడుగుతున్నది.

ఇదంతా పాత కథ అనుకుంటే, ఇంకో తేదీ రాసుకోండి. 2038 జనవరి 19, మంగళవారం, మన టైమ్ ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. యునిక్స్ సిస్టమ్స్ టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెడతాయని ఓఎస్ సబ్జెక్టులో చదివాం కదా. ఆ లెక్కని 32 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లో దాచిన చోటల్లా ఆ క్షణం తర్వాత సెకను 1901లోకి పడిపోతుంది. మన ల్యాప్‌టాప్‌లకి పర్వాలేదు, 64 బిట్లు. 32 బిట్ మెషీన్ల కోసం కూడా లైనక్స్ కెర్నల్‌లో 2020 నాటికి మార్పులు వచ్చాయి. డెబియన్ 2025లో వచ్చిన 13వ వెర్షన్‌లో దాదాపు అన్ని ఆర్కిటెక్చర్లనీ 64 బిట్ టైమ్‌కి మార్చింది. భయపడాల్సింది వాటి గురించి కాదు. గోడకి బిగించి మర్చిపోయిన మీటర్లు, పంపు హౌస్‌లో పెట్టిన కంట్రోలర్లు, నాలుగు బైట్లలో టైమ్ దాచుకున్న పాత డేటాబేస్ ఫైళ్ళ గురించి. వాటి లిస్టు ఎవరో తయారుచెయ్యాలి. ఇరవై ఏళ్ళు, ముప్ఫై ఏళ్ళు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లకి అయితే 2038 ఇప్పటికే వచ్చేసింది. ఇవాళ ఇరవై ఏళ్ళ హోమ్ లోన్ తీసుకుంటే చివరి వాయిదా ఆ తేదీ దాటాకే. సోషల్ సెక్యూరిటీకి 1989లో తగిలినట్టే.

అప్పటికి మనకి ముప్ఫై రెండో, ముప్ఫై మూడో ఉంటాయి. మన క్లాసులో ఎవరో ఒకరు ఏదో ఒక గవర్నమెంటు ఆఫీసులో, లేదా దానికి కాంట్రాక్టర్ కింద కాంట్రాక్టర్‌గా, ఆ లిస్టు పట్టుకుని కూర్చునే ఉంటారు. ఇప్పుడే చూడాలనిపిస్తే ఒక వర్చువల్ మెషీన్‌లో పాత 32 బిట్ లైనక్స్ వేసి, గడియారం 2038 జనవరి 19కి తిప్పి, ఆ క్షణం దాటనిచ్చి చూడండి. సరదాగా ఉంటుంది. కాలేజీ సర్వర్ మీద మాత్రం వద్దు. రిజల్ట్స్ రోజు రాత్రి దాన్ని పడిపోకుండా కాపలా కాసే ల్యాబ్ అసిస్టెంట్ అన్నకి ఉన్న పని చాలు. ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసో ఒకసారి క్లాస్ గ్రూప్‌లో అడిగి చూడండి.